హిసాబు: సెమిటిక్ భాషల పట్టపు చదువు

భివండి మరమగ్గముల నడుమ తెలంగాణపు పద్మశాలి కూలిలెక్కను "హిసాబు" అనును. పారసీ, ఉర్దూలు ఆ మాటను తెలుగుసీమకు దెచ్చినవి, మూలము అరబ్బీ. అందు హ, స, బ అను మూడు హల్లులే ధాతువు. అచ్చులు మారినకొలది అర్థచ్ఛాయ మారును. హీబ్రూలో ఆ ధాతువే "హషబ్" అయి, తలచుట, లెక్కించుట అను అర్థముల నిలిచినది. సంస్కృత ధాతువుల నెరిగినవారికిని ఈ పోకడ క్రొత్తదే. అరబ్బీ ముఖ్యవిషయముగా బి.ఏ. చదువు విద్యార్థికి పట్టువడవలసిన దిదియే.

హైదరాబాదున 1888లో దాయిరతుల్ మఆరిఫ్ వెలసి అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించి అచ్చొత్తించినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మేర్పడినది. ఇంతటి సాధనసామగ్రి చేరువ నుండగా, మన నిఘంటుకారులు హక్కు, వకీలు, తారీఖు వంటి వానిని తరచు "అన్యదేశ్యము" అని త్రోసిపుచ్చుట విచిత్రము. వాని ధాతువులు వెదకుటకు అరబ్బీ పట్టభద్రుడును తెలుగు పండితుడును ఒక బల్లకడ కూర్చుండవలెను.