గాజువిద్య - బాలశిక్షణము

తెలుగున గాజు అను మాట రెండర్థముల నిచ్చును. చేతికి దొడుగు ఆభరణమును గాజే. దానికి మూలమైన పదార్థమును గాజే. తమిళమున వలైయల్ వేఱు, కణ్ణాడి వేఱు. కన్నడమున బళె వేఱు, గాజు వేఱు. తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన తెలుగు వర్తకులలో నొక శాఖకు గాజుల బలిజలని పేరు. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథము వీరి వృత్తి గాజుల నమ్ముటయని పేర్కొన్నది. చెన్నపట్టణమున 1852లో మదరాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించిన గాజుల లక్ష్మీనరసు శెట్టి యింటిపేరునను ఈ మాటయే నిలిచినది.

అమ్మినవారి పేరు నిలిచినది గాని, కరగించినవారి విద్య నిలువలేదు. 1800-01లో మైసూరు రాజ్యమున సంచరించిన ఫ్రాన్సిస్ బుకానన్, చిత్రదుర్గ ప్రాంతమందలి మత్తోడులో గాజుబట్టీలను జూచి, 1807లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. నలుపు, ఆకుపచ్చ, ఎఱుపు, నీలము, పసుపు వన్నెల గాజు అచ్చట తయారగుచుండెను. తెల్లరాతిపొడియు, చౌటిమంటి క్షారమును దానికి మూలద్రవ్యములు. వన్నెలకు లోహములు కారణము. ఈ విద్య గ్రంథస్థము కాక పనివాని చేతిలోనే యుండెను. విదేశపు గాజులు సంతలను నింపగా బట్టీలు చల్లారెను. నేర్వవలసిన పిల్లలకు నేర్పు చోటు లేకపోయెను.

ఈ లోటును దీర్చు యత్నము మహారాష్ట్రమున జరిగినది. అంతాజీ దామోదర్ కాళే మనిషికొక పైస చొప్పున చందా ప్రోగుచేయగా, తిలక్ ప్రోత్సాహముతో 1908లో తళేగాఁవ్‌లో పైసా ఫండ్ గాజు కర్మాగారము వెలసినది. జపానులోను, అమెరికాలోను గాజుశాస్త్రము నభ్యసించిన ఈశ్వరదాస్ వార్ష్ణేయ దానిని నడిపెను. విద్యార్థులు కొలిమియొద్ద పనిచేయుచునే శాస్త్రము నేర్చిరి. పనియు పాఠమును వేఱుగాకుండుటయే ఆ సంస్థ విశేషము.

నేటి పాఠశాలకును ఈ మార్గము దూరము కాదు. విరిగిన గాజుముక్కలను దీపపు మంటపై వంచి గొలుసు లల్లుట తెలుగుపిల్లల పాత యాట. ఉపాధ్యాయుడు దగ్గరనుండి దానినే పాఠముగా జేయవచ్చును. మంచువలె గాజు ఒక్కసారిగా కరగదు, క్రమముగా మెత్తబడును. శుద్ధమైన ఇసుకరాయి కరగుటకు దాదాపు 1,700 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి కావలెను. క్షారము చేరిన గాజు అంతకంటె మిక్కిలి తక్కువ వేడికే లొంగును. చక్కెరపాకమును ముదురుగా గాచి పళ్ళెమున బోసి త్వరగా చల్లార్చిన, అణువులు వరుసదీరక పారదర్శకమై పెళుసగును. పాకము నెమ్మదిగా పేరిన కలకండ పలుకులగును. గాజునకును స్ఫటికమునకును గల భేదమింతయే.

2022వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ గాజు సంవత్సరముగా ప్రకటించినది. పరరాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారి పిల్లలకు గాజు ఇంటిపేరుగా మాత్రమే మిగులరాదు. వారి చేతికి ఒక గాజుముక్కయు, ఒక దీపమును, ప్రక్కన తెలిసిన గురువును లభించినచో, మత్తోడు బట్టీలతో చల్లారిన విద్య వారియందు మరల రగుల్కొనగలదు.