తిరుగు విమానంలో దిగిన ముఠాలు

ఎల్ సాల్వడార్‌ను పాతికేళ్లకు పైగా వణికించిన రెండు ముఠాల్లో ఒకదాని పేరు ‘బారియో 18’. ఆ 18వ వీధి ఉన్నది లాస్ ఏంజెలెస్‌లో. దాని ఆగర్భశత్రువు ‘మారా సాల్వట్రూచా’, అంటే ఎంఎస్-13, పేరులో సాల్వడార్ ఉన్నా 1980లలో ఆ నగరంలోనే పుట్టింది. ఎల్ సాల్వడార్‌లో 1980 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధం దాదాపు 75 వేలమందిని బలి తీసుకుంది. ప్రభుత్వ సేనలకు ఆయుధాలిచ్చింది అమెరికాయే. ఆ సేనలకు భయపడి పారిపోయి వచ్చినవాళ్లను శరణార్థులని ఒప్పుకుంటే తన మిత్రుణ్ణి తానే హంతకుడని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే 1984లో సాల్వడార్ వాసుల ఆశ్రయ దరఖాస్తుల్లో ఆమోదం పొందినవి 3 శాతం కూడా లేవు. మిగిలినవాళ్లు కాగితాల్లేకుండానే పికో-యూనియన్ లాంటి పేటల్లో ఇరుక్కుని బతికారు. అప్పటికే అక్కడ పాతుకుపోయిన ముఠాల దెబ్బలు తిన్న వాళ్ల పిల్లలు కొందరు పాత ముఠాల్లో చేరారు, కొందరు సొంతంగా కట్టుకున్నారు.

1992 జనవరిలో శాంతి ఒప్పందం కుదిరింది. యుద్ధం ముగిసింది కాబట్టి ఇక వెనక్కి పంపొచ్చన్నది అమెరికా లెక్క. 1996 నాటి వలస చట్టం ‘తీవ్ర నేరం’ అన్న మాటను బాగా సాగదీసింది. ఎన్నో రకాల నేరాలకు ఏడాది శిక్ష పడితే చాలు, అది ఎప్పుడో జరిగిన నేరమైనా సరే, గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ణయినా విమానం ఎక్కించవచ్చు. అలా దిగినవాళ్లలో పసితనంలోనే దేశం వదిలి, స్పానిష్ కూడా తడబడుతూ మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లు దిగిన దేశంలో పాత భద్రతా దళాలను ఒప్పందం ప్రకారం రద్దు చేశారు, కొత్త పౌర పోలీసు దళం అప్పుడప్పుడే తయారవుతోంది. పైగా వస్తున్నవాడి నేరచరిత్ర ఏమిటో చాలాకాలం అక్కడి అధికారులకు చెప్పనేలేదు. చెత్తను గోడ అవతలికి విసిరే ఇంటివాడైనా అప్పుడప్పుడు తొంగి చూస్తాడు!

యుద్ధం మిగిల్చిన తుపాకులూ పేదరికమూ ఉండగా ముఠాలు ఎలాగైనా పుట్టేవి కదా అనవచ్చు. కానీ పక్కనే నికరాగువా ఉంది. అక్కడా అంతర్యుద్ధమే, అక్కడా తుపాకులే, పేదరికం ఇంకా ఎక్కువ. అయితే దాని వలసజనం ఎక్కువగా కోస్టారికాకూ మయామీకీ వెళ్లారు. కమ్యూనిస్టు ప్రభుత్వం నుంచి పారిపోయి వచ్చారన్న సానుభూతితో 1997లో ప్రత్యేక చట్టం వాళ్లకు అమెరికాలో నివాసహక్కుకు దారి తెరిచింది. 2015లో ఎల్ సాల్వడార్‌లో లక్షకు వందమందికి పైగా హత్యకు గురైతే, నికరాగువా అధికారిక లెక్క పది లోపే. అయినా ఇలా వెనక్కి పంపడమొక్కటే దీనికంతటికీ కారణమనడం అతిశయోక్తి. 2003 నుంచి సాల్వడార్ ప్రభుత్వాలు ‘ఉక్కు పిడికిలి’ పేరుతో కుర్రాళ్లను మూకుమ్మడిగా జైళ్లలో కుక్కి, ఏ ముఠావాళ్లను ఆ ముఠాతోనే ఉంచాయి. జైళ్లే ముఠాల ప్రధాన కార్యాలయాలయ్యాయి. నారు అమెరికాది, నీరు పోసింది వీళ్లు.

నేరం చేసిన విదేశీయుణ్ణి పంపేసే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది, నిజమే. ఆ హక్కును కాదనడం లేదు, పంపేస్తే పీడ వదిలిందన్న నమ్మకాన్నే కాదంటున్నాను. 2014లో తోడు లేకుండా అమెరికా దక్షిణ సరిహద్దు చేరిన పిల్లలు 68 వేలకు పైగా. వాళ్లలో అత్యధికులు గ్వాటెమాల, హోండురాస్, ఎల్ సాల్వడార్‌ల వాళ్లే. ముఠాల బెదిరింపులు తట్టుకోలేక బయలుదేరినవాళ్లు అందులో ఎందరో. ఇక ఏ నేరమూ ఎరగని కూలీని పంపేస్తే ఊళ్లో ఒక ఇంటికి డబ్బు రావడం ఆగుతుంది. ప్రవాసులు పంపే సొమ్ము ఎల్ సాల్వడార్ జీడీపీలో ఐదో వంతుకు పైనే. 2001 భూకంపాల తర్వాత తమవాళ్లను వెనక్కి పంపకుండా అమెరికా ఇచ్చిన తాత్కాలిక రక్షణను పొడిగించమని సాల్వడార్ ప్రభుత్వాలు, ఏ పార్టీవైనా, ఎందుకు బతిమాలుకుంటూ వచ్చాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

2022 మార్చి చివర ఎల్ సాల్వడార్‌లో మూడు రోజుల్లో 87 మంది హత్యకు గురయ్యాక అధ్యక్షుడు బుకేలే అత్యవసర పరిస్థితి విధింపజేశాడు. హత్యలు బాగా తగ్గాయి. విచారణ లేకుండా జైలుపాలైనవాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. ముఠాల కోసమని 2023లో ‘సెకోట్’ అనే భారీ జైలు తెరిచారు. 2025 మార్చిలో అమెరికా విమానాలు మళ్లీ మనుషుల్ని తెచ్చి ఆ జైలుకు అప్పగించాయి. ఈసారి దిగినవాళ్లలో 200 మందికి పైగా వెనిజులా పౌరులు.