రా, పో, తే: యూనిక్స్ కమాండ్ల కథ

తెలుగులో అన్నిటికంటే చిన్న వాక్యానికి ఒక్క అక్షరం చాలు. రా. పో. తే. ఇవి పూర్తి వాక్యాలే. కానీ వీటిని అందరితో అనకూడదు. ఇంట్లో తమ్ముడితో, చెల్లితో, చిన్నప్పటి స్నేహితుడితో అనొచ్చు. గుడికి వచ్చిన పెద్దాయనతో మాత్రం ‘రండి’ అనాలి, ‘తీసుకురండి’ అనాలి. మన పిల్లలకు తెలుగు నేర్పేటప్పుడు ఈ తేడా చెప్పడమే కష్టం. మాట చిన్నదైనకొద్దీ చనువు ఎక్కువ. చనువు అంటే దగ్గరితనం, మొహమాటం లేకపోవడం.

ఈసారి నేను రాస్తున్నది కంప్యూటర్ల చరిత్ర. అయినా ఈ తేడాతోనే మొదలుపెట్టాను. ఎందుకంటే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో కమాండ్లు కూడా ఇలాంటివే. కమాండ్‌కు పుస్తకాల్లో మాట ‘ఆజ్ఞ’. కానీ ఆఫీసులో ఎవరూ ఆ మాట వాడరు కాబట్టి నేనూ కమాండ్ అనే రాస్తాను.

ముందు కొన్ని కమాండ్లు చూద్దాం. ‘ఎల్‌ఎస్’ అంటే లిస్ట్, ఫైళ్ళ జాబితా చూపించు. ‘సీపీ’ అంటే కాపీ చెయ్యి. ‘ఎమ్‌వీ’ అంటే ఫైలును ఇక్కడి నుంచి అక్కడికి జరుపు. ‘ఆర్‌ఎమ్’ అంటే తీసెయ్. ‘డీఎఫ్’ అంటే డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చెప్పు. ‘డీయూ’ అంటే ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో చెప్పు. ‘హూ’ అంటే ఇప్పుడు మెషీన్ మీద ఎవరెవరున్నారో చెప్పు. ఇవన్నీ 1971 నవంబర్ 3 తేదీతో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఉన్నాయి. యాభై ఏళ్ళు దాటింది. ఈ రోజు సర్వర్ చూసుకునే మనిషి పొద్దున్నే టైపు చేసేవి కూడా ఇవే. మనవాళ్ళు ఎంతోమంది అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో వీటిని బట్టీ పట్టి, వీటితోనే అన్నం సంపాదించుకున్నారు. బట్టీ పట్టడం అంటే అర్థం చూడకుండా కంఠస్థం చెయ్యడం. కానీ ఇవి ఇంత పొట్టిగా ఎందుకున్నాయో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

కథ మన న్యూజెర్సీలోనే జరిగింది. మరే హిల్ అనే ఊళ్ళో బెల్ ల్యాబ్స్ ఉంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్ నుంచి కారులో సుమారు అరగంట. 1960లలో బెల్ ల్యాబ్స్, ఎమ్ఐటీ, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి మల్టిక్స్ అనే పెద్ద సిస్టం కట్టడం మొదలుపెట్టాయి. పని చాలా పెద్దది, అనుకున్నంత వేగంగా సాగలేదు. 1969లో బెల్ ల్యాబ్స్ అందులోంచి తప్పుకుంది. అక్కడ పనిచేసే కెన్ థాంప్సన్ ఒక మూల పడి ఉన్న పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్‌ను పట్టుకున్నాడు. దాని మెమరీ 18 బిట్ల మాటలు ఎనిమిది వేల పైచిలుకు, అంతే. ఆ వేసవిలో భార్య, చంటి బిడ్డ కాలిఫోర్నియాకు వెళ్ళారు. ఆ మూడు వారాల్లో థాంప్సన్ కొత్త సిస్టంకు మొదటి రూపం రాశాడు. డెనిస్ రిచీ, ఇంకా కొంతమంది చేతులు కలిపారు. మల్టిక్స్‌ను ఆటపట్టిస్తూ దానికి యూనిక్స్ అని పేరు పెట్టుకున్నారు. ‘మల్టి’ అంటే అనేకం, ‘యూని’ అంటే ఒకటి.

వాళ్ళు కూర్చున్నది తెర ముందు కాదు, టెలిటైప్ ముందు. అది టైపు మిషన్ లాంటిది, కాగితం చుట్ట మీద అచ్చు కొడుతుంది. టెలిటైప్ 33 అనే మోడల్ వేగం సెకనుకు 10 అక్షరాలు. మీటలు గట్టివి, ఒక్కోదాన్నీ బలంగా నొక్కాలి. మీరు టైపు చేసిన ప్రతి అక్షరానికీ వేలికి శ్రమ. మెషీన్ ఇచ్చే ప్రతి అక్షరానికీ ఎదురుచూపు, కాగితం ఖర్చు. అలాంటి చోట ‘కాపీ’ కంటే ‘సీపీ’ మేలు. కమాండ్లు పొట్టిగా ఉండడానికి ఇది పెద్ద కారణం.

యూనిక్స్ తక్కువ మాట్లాడడం వెనుక కూడా ఈ టెలిటైప్ ఉంది. సీపీ కొట్టి ఎంటర్ నొక్కితే, పని అయితే యూనిక్స్ ఏమీ అనదు. తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది. మనవాళ్ళు ‘మౌనం అర్ధాంగీకారం’ అంటారు, అంటే మాట్లాడకపోతే సగం ఒప్పుకున్నట్టే అని. యూనిక్స్‌లో మౌనం పూర్తి అంగీకారం.

కానీ టెలిటైప్ ఒక్కటే కారణం అనుకుంటే కథ సగమే. రెండో సగం ఆ గది. యూనిక్స్ రాసినవాళ్ళూ వాడినవాళ్ళూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు. మొదటి మాన్యువల్‌లో కమాండ్ పేజీ కింద ఆ ప్రోగ్రాం ఎవరిదో పొట్టి పేరు ఉండేది. అందులో తెలిసిన లోపాలు ఏమిటో రాయడానికి వేరే చోటు కూడా ఉండేది. లోపం కనిపిస్తే పక్క గదికి వెళ్ళి అడగొచ్చు.

‘గ్రెప్’ అలా పుట్టిందే. అది ఫైల్లో మీరు చెప్పిన మాట ఉన్న లైన్లను వెతికి చూపించే కమాండ్. అక్కడే పనిచేసే లీ మెక్‌మాన్, అమెరికా రాజ్యాంగం గురించి పూర్వం రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో ఏది ఎవరు రాశారో మాటల వాడకాన్ని బట్టి తేల్చాలనుకున్నాడు. ఆ ఫైళ్ళు ‘ఈడీ’ అనే ఎడిటర్‌లో పట్టలేదు. థాంప్సన్ ఆ ఎడిటర్‌లోని వెతికే భాగాన్ని విడిగా తీసి ప్రోగ్రాం చేశాడు. తెల్లారేసరికి అది మెక్‌మాన్ చేతికొచ్చింది. పేరు కూడా ఎడిటర్‌లో అదే పని చేయించే నాలుగు అక్షరాల నుంచే వచ్చింది. ఇదే చనువు. అడిగినవాడికి మొహమాటం లేదు, చేసినవాడికి విసుగు లేదు.

ఇప్పుడు ఆర్‌ఎమ్ సంగతి చూడండి. ఆర్‌ఎమ్ ‘నిజంగా తీసెయ్యనా?’ అని మామూలుగా అడగదు. తీసిన ఫైలును చెత్తబుట్టలో దాచదు. యూనిక్స్‌లో నక్షత్రం గుర్తు అంటే ‘అన్నీ’. పేరు చివర ‘చుక్క ఓ’ ఉన్న ఫైళ్ళన్నీ తీసెయ్యాలంటే ఆర్‌ఎమ్ తరవాత నక్షత్రం, దానికి ఆనుకుని చుక్క ఓ కొడతాం. నక్షత్రానికీ చుక్కకీ మధ్య పొరపాటున ఒక్క స్పేస్ పడిందా, ఆ ఫోల్డర్‌లో ఫైళ్ళన్నీ పోతాయి. అన్నీ పోయాక యూనిక్స్ ఒకే ఒక్క ఫిర్యాదు చేస్తుంది: ‘చుక్క ఓ’ అనే ఫైలు కనిపించలేదు అని! ఏం చేస్తున్నాడో తెలిసిన మనిషితో మాట్లాడుతున్నాననే నమ్మకం దానిది. పదిమంది స్నేహితుల గదిలో అది సరైన నమ్మకమే.

అయితే ఆ గదిలో కూడా తాళాలు ఉన్నాయి. ‘సీహెచ్‌మోడ్’ ఫైలును ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అని నిర్ణయిస్తుంది. ‘సీహెచ్‌ఓన్’ ఫైలు యజమానిని మారుస్తుంది. అన్ని తాళాలూ దాటగలిగే వ్యక్తి ఒకరున్నారు, పేరు రూట్. రూట్ అంటే వేరు. ‘ఎస్‌యూ’ అనే కమాండ్ కొట్టి, రూట్ పాస్‌వర్డ్ చెబితే మీరే రూట్. మా గుడిలో తాళాలగుత్తి లాగా అన్నమాట. గుత్తి ఎవరి చేతిలో ఉంటే హుండీ గది, వంటిల్లు, ఆఫీసు అన్నీ వాళ్ళవే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాస్‌వర్డ్‌ల ఫైలును రూట్ మాత్రమే మార్చాలి. మరి మామూలు మనిషి తన పాస్‌వర్డ్ తాను ఎలా మార్చుకోవాలి? గుత్తి అంతా ఇవ్వలేం కదా. డెనిస్ రిచీ దీనికి ఒక ఉపాయం చెప్పాడు. మనిషికి కాదు, ప్రోగ్రాంకు అధికారం ఇవ్వు. ఆ ప్రోగ్రాం నడుస్తున్నంతసేపే, ఆ ఒక్క పనికే అధికారం. దీనికి 1979లో పేటెంట్ వచ్చింది. తరవాత బెల్ ల్యాబ్స్ దాన్ని అందరికీ వదిలేసింది.

ఈలోగా యూనిక్స్ ఊరు దాటింది. బెల్ ల్యాబ్స్ సొంతదారు ఏటీ అండ్ టీ. 1956లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం వల్ల ఆ కంపెనీ టెలిఫోన్ వ్యాపారం దాటి కంప్యూటర్ వ్యాపారం చెయ్యడానికి లేదు. అందుకని యూనివర్సిటీలకు యూనిక్స్‌ను తక్కువ ఖర్చుకే ఇచ్చింది. ఒక్కో మెషీన్ మీద వందలమంది విద్యార్థులు చేరారు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. రూట్ పాస్‌వర్డ్ నలుగురికి చెబితే, ఏ పని ఎవరు చేశారో తెలియదు. 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో యూనివర్సిటీలో బాబ్ కాగ్‌షల్, క్లిఫ్ స్పెన్సర్ ‘సుడో’ అనే కమాండ్ రాశారు. ఇప్పటి సుడో మీ సొంత పాస్‌వర్డే అడుగుతుంది. మీకు అనుమతి ఉన్న పనే చేయనిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో రాసి పెడుతుంది. కొన్ని మెషీన్ల మీద మొదటిసారి వాడినప్పుడు, టైపు చేసే ముందు ఆలోచించు అని పెద్దవాళ్ళలా బుద్ధి కూడా చెబుతుంది. ఆర్‌ఎమ్‌కు కూడా ‘హైఫన్ ఐ’ చేరింది. అది తగిలిస్తే ఒక్కో ఫైలుకూ అడిగి మరీ తీసేస్తుంది.

నాకు ఇవన్నీ ‘అండి’ లాగా కనిపిస్తాయి. ‘రా’ను ‘రండి’ చేసినట్టు, కొత్తవాళ్ళు వచ్చాక యూనిక్స్ మర్యాద నేర్చుకుంది. పాత మాట పోలేదు, దానికే ఒక తోక చేరింది.

ఊళ్ళు పెరిగితే యాసలూ పెరుగుతాయి. కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీ ఒక యూనిక్స్ చేసింది. ఏటీ అండ్ టీ సిస్టం ఫైవ్ అని ఇంకొకటి అమ్మింది. మెషీన్ మీద నడుస్తున్న పనులన్నీ చూడాలంటే బర్క్‌లీ యాసలో ‘పీఎస్ ఏయూఎక్స్’, సిస్టం ఫైవ్ యాసలో ‘పీఎస్ హైఫన్ ఈఎఫ్’. ఒకరు ‘ఏం చేస్తున్నావు’ అంటే ఇంకొకరు ‘ఏం చేస్తున్నవ్’ అన్నట్టు. ఏది తప్పు? ఏదీ కాదు. 1988లో మొదలైన పోసిక్స్ అనే ప్రమాణం 1992లో కమాండ్లకు కూడా ఒక ఉమ్మడి రూపం చెప్పింది. లైనక్స్‌లో పీఎస్ రెండు యాసలూ అర్థం చేసుకుంటుంది. ఇంట్లో అమ్మది ఒక యాస, నాన్నది ఒక యాస అయిన మన పిల్లల లాగా.

టెలిటైప్‌లు ఎప్పుడో పోయాయి. ఆ గదిలో పనిచేసినవాళ్ళలో కొంతమంది లేరు. డెనిస్ రిచీ 2011లో పోయారు. ఆ పొట్టి మాటలు మాత్రం బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, ఫోన్ కంపెనీల్లో సర్వర్ల మీద ఇంకా పలుకుతున్నాయి. వాటిలో ఆ చనువు కూడా అలాగే ఉంది. అందుకే చరిత్ర తెలియాలి. ఆర్‌ఎమ్ ఎందుకు అడగదో తెలిసినవాడు ఎంటర్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ‘రా’ ఎవరితో అనొచ్చో తెలిసిన పిల్ల ‘రండి’ ఎప్పుడు అనాలో కూడా తెలుసుకుంటుంది.

మీ ఇంట్లో సర్వర్ పని చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు రోజూ కొట్టే ఒక కమాండ్ పేరు అడగండి. అది దేనికి పొట్టి రూపమో, ఎందుకు అలా అయిందో తెలుగులో చెప్పమనండి. చెప్పేవాళ్ళకూ వినేవాళ్ళకూ మంచి అభ్యాసం.