దిక్కులేని మూగజీవులు: పింజరాపోలు చరిత్ర

పాడి యిచ్చు ఆవునకు, దుక్కి దున్ను ఎద్దునకు, రాజును మోయు గుఱ్ఱమునకు వైద్యము చేయించుట లోకసహజమైన వ్యవహారము. శాలిహోత్రుని పేర అశ్వవైద్యమును, పాలకాప్యుని పేర గజవైద్యమును మన దేశమున శాస్త్రములై వెలసినవి. కౌటిల్యుడు గోవులకును, గుఱ్ఱములకును, ఏనుగులకును వేర్వేరుగ అధ్యక్షులను విధించి, చికిత్సయందు ఏమరిన వైద్యునకు దండనము సైతము చెప్పినాడు. మన తెలుగున మనుమంచి భట్టు అశ్వశాస్త్రమును కావ్యముగ రచించినాడు. అవి యన్నియు గొప్ప విద్యలే కాని, విలువగల జంతువులను గూర్చిన విద్యలు. వట్టిపోయినదని తరుమబడిన ఆవునకు, కాలు విరిగి బాట ప్రక్కన పడియున్న కుక్కకు, ముసలితనమున యజమాని వదలివేసిన ఎద్దునకు మందిడువారెవరు, ఆ మందునకు వెల చెల్లించువారెవరు అను ప్రశ్నకు ఆ శాస్త్రములలో సమాధానము లేదు. ఆ ప్రశ్నకు మన దేశమున సమాధానము చెప్పినవారు రాజులకంటె వర్తకులు, పండితులకంటె సామాన్యులు. వారు కట్టిన సంస్థకు పింజరాపోలు అని పేరు.

రాజులలో ఈ విషయమును తలపెట్టినవాడు లేకపోలేదు. కర్నూలు మండలమున, గుత్తికి సమీపముననున్న ఎఱ్ఱగుడి కొండబండలపై క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దినాటి అశోకుని శాసనములు నేటికిని నిలిచియున్నవి. వానిలో రెండవ శిలాశాసనము, మనుష్యులకు ఒకటి, పశువులకు ఒకటి యని రెండు విధములైన చికిత్సలు తన రాజ్యమునందును, చోళ పాండ్య కేరళపుత్రాది దేశములయందును, తామ్రపర్ణి వరకును, పడమట యవనరాజుల దేశములయందును ఏర్పరచితినని చెప్పుచున్నది. మనుష్యులకును పశువులకును ఉపకరించు ఓషధులు లేనిచోట్లకు తెప్పించి నాటించితిననియు, మార్గములవెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు చెప్పుచున్నది. దీనినిబట్టి అశోకుడు పశువులకు ఆసుపత్రులు కట్టించెనని పలువురు వ్రాసిరి. శాసనమున కట్టడముల ప్రసక్తి లేదు. చికిత్సయు మందుమొక్కలు మాత్రమే కలవు. నాకీ భేదము స్వల్పముగ తోచదు. శాలలు కట్టించుటకంటె ముందు చికిత్సను, చికిత్సకు కావలసిన మూలికలను తలచుకొన్న ఆ దృష్టి యెంత నిశితమైనదో, తరువాతి చరిత్రను చూచినకొలదియు తెలియుచుండును.

రాజాజ్ఞతో వచ్చినది రాజుతోనే పోవును. మౌర్యుల వెనుక ఆ యేర్పాటు ఏమైనదో తెలుపు శాసనము మరియొకటి కానరాదు. మన పల్లెలలో పశువునకు జబ్బుచేసిన, వాతలు వేయువాడును పసరు పోయువాడును ఉండిరి. కాని వారిని పిలిపించుటకు పశువునకు ఒక యజమాని యుండవలెను. యజమాని లేని పశువునకు మన పల్లె యెరిగిన చోటు బందెలదొడ్డి యొక్కటే. 1871 నాటి చట్టముతో ప్రభుత్వము స్థిరపరచిన ఆ దొడ్డి, పైరు మేసిన పశువును నిర్బంధించి రుసుము రాబట్టుటకు పుట్టినది. గడువులోపల ఎవరును విడిపించుకొనకున్న వేలము వేయుటకు పుట్టినది. గోడలును గడ్డియు రెంటికిని సమానమే యైనను, బందెలదొడ్డికిని పింజరాపోలునకును నడుమ నున్నంత దూరము, చెరసాలకును సత్రమునకును నడుమ కూడ లేదేమో!

పింజరాపోలునకు పుట్టినిల్లు గుర్జరదేశము. జైనులును వైష్ణవ వర్తకులును అచ్చటి రేవు పట్టణములలో దీనిని ఎన్నడు స్థాపించిరో నిశ్చయముగ చెప్పుటకు వీలుకాదు కాని, పదునారవ శతాబ్దము చివర మన దేశమునకు వచ్చిన రాల్ఫ్ ఫిచ్ అను ఆంగ్లవర్తకుడు, ఖంభాతు పట్టణమున కుంటి కుక్కలకును పిల్లులకును, పక్షులకును శాలలు గలవని వ్రాసియున్నాడు. అతని తరువాత 1623లో అదే పట్టణమును చూచిన పియెత్రో డెల్లా వల్లె అను ఇటలీ యాత్రికుడు మిగిల్చిన వర్ణనము ఇంకను వివరమైనది. ఈ చరిత్రలో దానికి సాటి రాగల సాక్ష్యము నాకు కనబడలేదు.

అతడు చూచిన పక్షిశాల ఒక చిన్న యిల్లు. కోళ్లు, పావురములు, నెమళ్లు, బాతులు, చిన్న చిన్న పిట్టలు, రోగముతోనో కుంటితనముతోనో జత పోయిన దైన్యముతోనో అచ్చట చేరియుండెను. వానిని సాకువారు జనుల భిక్షచే జీవించుచుండిరి. తల్లి లేని ఎలుకపిల్లలు కొన్ని దొరికినవట; వానిని పెట్టెలో దూదినడుమ నుంచి, తెల్లని గడ్డముగల వృద్ధుడొకడు ముక్కుమీద కండ్లద్దములు పెట్టుకొని, పక్షియీకతో ఒక్కొక్కదానికి పాలు పట్టుచుండగా ఆ యాత్రికుడు చూచినాడు. వ్యాధి నయమైన పిదప అడవిపక్షులను స్వేచ్ఛగ వదలుదురనియు, పెంపుడుపక్షులైనచో ధర్మబుద్ధిగల గృహస్థునకు అప్పగింతురనియు అతడు చెప్పినాడు. దిక్కులేని ప్రాణిని చేరదీయుట, మందిచ్చుట, కోలుకొన్నదానికి ఇల్లు వెదకుట అను మూడంగములును నాలుగువందల యేండ్ల క్రిందటనే ఖంభాతున ఒక్కచోట కూడియుండెను. గొఱ్ఱెలు మేకలు గల వేరొక శాలలో, దొంగతనమునకు శిక్షగ రెండు చేతులును నరకబడిన మహమ్మదీయు డొకడు ఉండెనట. ఇక బ్రతుకుతెరువు లేని అతడు దిక్కుమాలి చావకుండునట్లు హిందువులు అతనిని గూడ అచ్చటనే ఉంచి, దేనికిని లోటులేక పోషించుచుండిరి. పశువులపై దయ గలవారికి మనుష్యులపై దయ యుండదని నిందించువారు ఈ వృత్తాంతమును చదువవలెను.

సూరతు శాలయు అంతటి ప్రసిద్ధి పొందినదే. 1689లో ఇంగ్లండునుండి బయలుదేరి అచ్చటికి వచ్చిన ఓవింగ్టన్ అను యాత్రికుడు దానిని వర్ణించినాడు. నల్లులు మొదలగు రక్తము పీల్చు పురుగులకు సైతము ఒక శాల కలదనియు, వానికి ఆహారముగ రాత్రి ఒక బీదవానిని కూలికి పరుండబెట్టుదురనియు అతడు వ్రాసిన మాట యూరపులో కథలై పాకినది. 1772లో ఆ శాలలో గుఱ్ఱములు, కంచరగాడిదలు, ఎద్దులు, మేకలు, కోతులు, పావురములతోపాటు, అప్పటికి 75 ఏండ్లుగా అచ్చటనే బ్రతుకుచున్న ముసలి తాబేలు ఒకటి యుండెనని హామిల్టను తన గెజెటీరులో చేర్చినాడు. ఆ యేండ్లలో సూరతు పాలకులు మారిరి, వాణిజ్యము బొంబాయికి తరలిపోయెను. తాబేలునకు మాత్రము మేత తప్పలేదు.

తప్పకపోవుటకు హేతువు భక్తి యొక్కటియే కాదు. భక్తి కలిగినపుడు ఇచ్చుదానము పండుగకు వచ్చి పండుగతో పోవును. జబ్బుపడిన పశువునకు ప్రతిదినమును ఆకలి వేయును. ఈ సత్యమును గుజరాతు వర్తకశ్రేణులు, అనగా మహాజనములు, చక్కగ గ్రహించినవి. ప్రత్తిబేళ్లపైనను, ధాన్యముపైనను, చక్కెరపైనను, హుండీలపైనను జరుగు ప్రతి క్రయవిక్రయమునందును కొద్దిపాటి ‘లాగా’ను తీసి పింజరాపోలునకు జమకట్టుట వర్తకధర్మమైనది. దానిని విధించినది సర్కారు కాదు. ఎగవేసినవానికి శిక్ష చెఱసాల కాదు, సాటి వర్తకులలో పరువు పోవుటయే. శ్రేణి విధించు జరిమానాలును, పెండ్లిండ్లయందును కర్మాంతములయందును ఇచ్చు కానుకలును దానికి తోడు. సంఘము తనపై తానే వేసికొన్న పన్ను ఇది; మూగజీవులకొరకు ఇంత నియతమైన ధనమార్గమును కల్పించిన సమాజములు ప్రపంచమున అరుదు.

బొంబాయి పింజరాపోలు మాత్రము కలహమునుండి పుట్టినది. వీథికుక్కలను చంపుమని అచ్చటి ఆంగ్లప్రభుత్వము ఆజ్ఞయిచ్చి, తలకొక్కింటికి ఎనిమిదణాలు బహుమానము చెల్లించుచుండెను. 1832 జూనులో ఆ యాశకు లోబడిన రక్షకభటులు ఇండ్ల వాకిండ్లలోని పెంపుడుకుక్కలను సైతము కొట్టుచుండగా, కుక్కను పవిత్రజంతువుగ నెంచు పారసీకులు తిరుగబడిరి. మరునాడు అంగళ్లు మూతపడెను; హిందువులును జైనులును మహమ్మదీయులును వారితో చేరిరి; సైనికులకు ఆహారపదార్థములు సైతము నిలిచిపోయెను. సేనను రప్పించి ప్రభుత్వము అల్లరిని అణచినది. కాని పట్టణపు పెద్దలు, కుక్కలను చంపక దూరముగ తరలించు ఉపాయమును వెదకవలసినదిగ కోరిరి. ఆ పిమ్మట రెండేండ్లకు, 1834లో, పారసీక వర్తకుడు జమ్‌షెట్‌జీ జీజీభాయియు జైన వర్తకుడు మోతీషాయును కలిసి భులేశ్వరము దాపున పింజరాపోలును స్థాపించిరి. కోప మొక దినమున చల్లారకుండ, కట్టడమై, లెక్కపుస్తకమై, వ్యాపారముపై లాగాయై స్థిరపడుట ఆ పెద్దల వివేకము. వారిలో పలువురి సంపద చీనాకు పంపిన నల్లమందు మూలమున వచ్చినదను మాటను చరిత్రకారుడు దాచరాదు. ఆ సొమ్ములో కొంత యిటు ప్రవహించినదను మాటను గూడ దాచరాదు.

ఇంతటి సంస్థలోను ఒక లోపము మొదటినుండియు ఉండెను. ఖంభాతు వృద్ధుడు ఈకతో పాలు పట్టినంత శ్రద్ధ వందలకొలది పశువులున్న దొడ్డిలో సాధ్యము కాలేదు. చంపరాదను నియమము బలముగ నుండెను. నయము చేయవలెనను నియమము అంత బలముగ నుండలేదు. అంటురోగము గల పశువును ఆరోగ్యము గల పశువును ఒక్కచోటనే కట్టుటయు, పుండ్లకు మందు లేక మేత మాత్రమే వేయుటయు పలుచోట్ల జరిగెను. పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లవైద్యులు ఈ స్థితిని కఠినముగ విమర్శించిరి. వారి మాటలలో అహంకారము కొంత కలదు. కాని సత్యము అంతకంటె ఎక్కువ కలదు. దాతలు గడ్డివామును చూచి తృప్తిపడిరి, వైద్యుని జీతమును తలపలేదు.

ఆ లోపమును దిద్దినవారును బొంబాయి దాతలే. 1874లో అచ్చట జంతుహింసానివారక సంఘము వెలసెను; పిమ్మట పదేండ్లకు దిన్‌షా మానెక్‌జీ పెటిట్ అను పారసీక మిల్లు యజమాని పరేలులో స్థలమిచ్చి, తన భార్య సకర్‌బాయి పేర పశువుల ఆసుపత్రిని వెలయించెను. ఆ యావరణముననే 1886లో బొంబాయి పశువైద్యకళాశాల మొదలయ్యెను. దానమును విద్యయు ఒకే ప్రాకారములో కలిసిన ఘట్టమిది. పశువైద్యము నేర్చుకొను బాలురకు రోగులును, రోగులకు వైద్యులును ఒక్కచోట దొరకిరి. పింజరాపోలులను గూర్చి వ్రాయువారు ఈ ఆసుపత్రిని తరచు వేరుకథగ చెప్పుదురు. నా దృష్టిలో ఇది ఆ కథలోని శ్రేష్ఠమైన అధ్యాయము.

గాంధీమహాత్ముడు 1926లో ఈ ప్రశ్నను మరల కదిపెను. అహమ్మదాబాదులో అంబాలాల్ సారాభాయి తన మిల్లు ఆవరణమునందలి 60 వీథికుక్కలను చంపించి, ఆ సంగతిని మహాత్మునకు చెప్పగా, మరేమి చేయగలమని ఆయన అనెను. అహింసాపరుని నోట ఈ మాట విని దేశమెల్ల నివ్వెరపోయినది. కోపముతో జాబులు వచ్చిపడెను. ఆయన ‘యంగ్ ఇండియా’లో వరుసగ వ్యాసములు వ్రాసి సమాధానము చెప్పెను: దిక్కులేని కుక్కకు దారిలో ఒక రొట్టెముక్క విసరుట దయ కాదనియు, సాకదలచినవాడు ఇంట సాకవలెననియు, లేదా సంఘము సంస్థను కల్పించి నడుపవలెననియు. చంపుటను గూర్చిన ఆయన నిర్ణయమును నేను అంగీకరింపలేను. కాని వీథికుక్క యొక సమాజపు అశ్రద్ధకు చిహ్నమను మాట నూటికి నూరుపాళ్లు సత్యము.

ఆయన వదలిన చిక్కుముడిని మదరాసు విప్పెను. 1959లో వైమానికుడు కెప్టెన్ వి. సుందరము కుటుంబము ఆ నగరమున బ్లూక్రాసు అను జంతుసంరక్షణ సంస్థను స్థాపించెను. 1964నుండి కుక్కలను చంపుటకు బదులు శస్త్రచికిత్సచే సంతానమును నియమించు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. దానినే 2001లో కేంద్రప్రభుత్వము నిబంధనలుగ చేసినది. ఈ నడుమ, రాజ్యసభకు నామనిర్దేశము పొందిన రుక్మిణీదేవి అరండేలు 1953లో ప్రతిపాదించిన బిల్లు కారణముగ 1960లో జంతుహింసానివారణ చట్టము వచ్చెను. 1962లో ఆమె అధ్యక్షతన జంతుసంక్షేమమండలి ఏర్పడెను. ఆ చట్టమునందు 35వ విభాగము, హింసకు గురియైన పశువును నయమగువరకు చికిత్సాశాలకో, లేక పింజరాపోలునకో పంపుమని మెజిస్ట్రేటునకు అధికార మిచ్చుచున్నది. ఖర్చును యజమానినుండి రాబట్టవలెననియు, బీదవాడైనచో చికిత్సకు సొమ్ము అడుగనక్కర లేకుండ ఉత్తరువు చేయవచ్చుననియు చెప్పుచున్నది. గుజరాతీ వర్తకుల మాట ఈ విధముగ భారతచట్టపు మాట యయ్యెను. చికిత్సాశాలను, పింజరాపోలును శాసనకర్తలు రెండు వేర్వేరు సంస్థలుగ పేర్కొనుట మాత్రము పాతలోపమును మరల జ్ఞాపకము చేయుచున్నది.

మన తెలుగునాట 1992లో అక్కినేని అమల హైదరాబాదున బ్లూక్రాసును ప్రారంభించినది. అట్టి సంస్థలు తక్కిన పట్టణములలోను క్రమముగ వచ్చినవి. కాని మనకు వానికంటె పాతదైన దానమార్గ మొకటి కలదు. సింహాచలమున అప్పన్నకు కోడెదూడలను సమర్పింతురు. వేములవాడలో రాజన్నకు కోడెమొక్కు చెల్లింతురు. మొక్కు తీరిన క్షణమునుండి ఆ దూడ దేవునిది. తల్లిపాలు విడువని దూడను తెచ్చి వదలిన భక్తుడు ఇల్లు చేరును; దాని విరేచనములకు, దాని జ్వరమునకు, దాని గాయమునకు మందు దేవాలయపు గోశాల వెదకుకొనవలెను. మొక్కిన చేతులే ఆ మందునకు గూడ కొంత చెల్లించు ఆచారము మన భక్తులలో పాదుకొనలేదు.

కనుక పాఠకులకు నా విన్నపము. మీ ఊరి గోశాలకో, కుక్కల సంరక్షణాలయమునకో ఈ యేట దానము చేయదలచినచో, గడ్డికని యిచ్చునంత సొమ్మును పశువైద్యుని జీతమునకును, మందులకును ప్రత్యేకముగ వ్రాసి యిండు. ఒక్కసారి కాక, ఆ వర్తకుల లాగావలె, నెలనెలకు ఇండు.