శ్రీశైలమునుండి కాశికి: వీరాస్వామయ్యగారి వేసవి బాట

శ్రీశైల మల్లికార్జునుని సేవించి, ఆ వెంటనే కాశీ విశ్వేశ్వరుని దర్శింపవలెననుట తెలుగు గృహస్థుల చిరకాలవాంఛ. రెండును జ్యోతిర్లింగ క్షేత్రములు. ఒకటి కృష్ణకు పైని కొండమీఁద, నొకటి గంగయొడ్డున. నడుమ ఇంచుమించు 1450 కిలోమీటరుల నేల గలదు. వేసవి సెలవులు వచ్చినంతనే మన గ్రామములలో కారులు, చిన్న బస్సులు కుదుర్చుకొని, ఇంటి పెద్దలను వెంటఁబెట్టుకొని ఈ త్రోవను పోవు కుటుంబములు ఏఁటేఁట హెచ్చుచున్నవి. కుఱ్ఱవాండ్రు చేతిలోని ఫోను తీసి, ఇన్ని కిలోమీటరులు, ఇన్ని గంటలు అని క్షణములో లెక్క చెప్పుదురు. ఆ లెక్క తప్పని నేననను. కాని యందులో నీళ్ళెచ్చట మంచివి, నీడ యెచ్చట దొరకును, అఱువదియేండ్లు దాటినవాఁడు కదలక యెంతసేపు కూర్చుండఁగలఁడు అను సంగతు లుండవు. ఆ సంగతులను మజిలీ మజిలీకి వ్రాసియుంచిన తెలుగువాఁ డొకఁడు గలఁడు. ఆయన బాటనే నేఁడు మీతోఁ గూడ నడువఁదలఁచితిని.

ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపురి సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు, అనఁగా ముఖ్యమైన ద్విభాషి. 1830వ సంవత్సరము మే నెల 18వ తేది మంగళవారమునాఁడు కాశీయాత్రకై చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3వ తేదికి మరల నిల్లు చేరెను. మొత్తము పదునైదున్నర నెలలు. త్రోవలో చూచినదెల్ల దినచర్యగా వ్రాసి, తన మిత్రుఁడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచు వచ్చెను. వీరాస్వామయ్యగారు 1836లో స్వర్గస్థులైరి. ఆ వ్రాఁతలను పిళ్ళగారు 1838లో అచ్చువేయించిరి. కాశీయాత్ర చరిత్ర మనఁగా నదియే. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు ఎంతయో శ్రమపడి దానిని మరల ప్రకటించిరి. పండితులమగు మేము మొదట దాని వాడుక భాషను చూచి ముక్కు విఱిచినవారమే. కాని యే యూర నంగళ్ళున్నవి, ఏ దారి యిసుకపఱ్ఱ, ఏ దారి రాతినేల, ఏ చెఱువు నీరు త్రాగఁదగినది అని చెప్పుటకు ఆ భాషయే తగినది. ప్రబంధభాషలో బావి లోఁతు చెప్పఁబూనినచో బావి పూడిపోవును.

ఆయన ప్రయాణసన్నాహమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. పరివారము, బోయీలు, కావటివాండ్రు అందఱును గలిసి సుమారు నూఱుమంది. పల్లకి, డేరాలు, వంటపాత్రలు సరేసరి. ఇంతమంది యేల యని నేఁటివారు నవ్వవచ్చును. ఆ కాలమున రాత్రి దిగుటకు సత్రమున్నదో లేదో తెలియదు. ఉన్నను నూఱామడల దూరమునుండి వచ్చినవానికి బియ్యము దొరకునో జొన్నలు దొరకునో తెలియదు. ఆమడ యనఁగా నెనిమిది మైళ్ళని కొందఱు, పది మైళ్ళని కొందఱు లెక్కింతురు. రోజున కొక ఆమడ, బాట మంచిదైనచో ఆమడన్నర. కోడికూఁతవేళ లేచి, యెండ ముదురకముందే మజిలీ చేరుట బాటసారుల నియమము. పల్లకి మోయు బోయీ కాలికి మట్టియు రాయియు తెలిసినంతగా లోపల కూర్చున్నవానికి తెలియదు. అయినను వీరాస్వామయ్యగారు బాటలను గూర్చి వ్రాసినది చదివినచో ఆయన ఆ కాళ్ళ కష్టమెఱిఁగినవాఁడని తోఁచును.

మఱియొక చిక్కు నాణెము. ఆయన పోయిన త్రోవ ఒక్క దొరతనము క్రింద నుండలేదు. కడప కుంఫిణీవారిది. కందనవోలు నవాబుది, ఆ నవాబరికము 1839లో గాని పోలేదు. కృష్ణ దాటినచో నైజాము. నాగపురము చేరినచో భోఁసలేవారి రాజ్యము. అది 1853 వఱకు నిలిచినది. జబ్బలుపురము కుంఫిణీది, రీవా వేఱొక రాజుది, గంగాతీరము మరల కుంఫిణీది. ఎల్ల దాటినప్పుడెల్ల సుంకపుచావడి, ఎల్ల దాటినప్పుడెల్ల రూపాయి మాఱును, మార్చుకొన్నప్పుడెల్ల వట్టము పోవును. కుంఫిణీవారు తమ సీమలన్నిటికి ఒకే రూపాయి నేర్పఱచినది 1835లో. అనఁగా ఆయన యిల్లు చేరిన నాలుగేండ్లకు. నేఁడు మనము చెల్లించు టోలురుసుమును తిట్టుకొనుచుందుము. నాఁటి యాత్రికుఁడు శ్రీశైలము కొండ యెక్కుటకే నవాబునకు పన్ను కట్టవలసియుండెను.

తిరుపతి, కడప, అహోబిలముల మీఁదుగా వీరాస్వామయ్యగారు శ్రీశైలము చేరిరి. ఈ దిక్కునుండి కొండ కెక్కుటకు ప్రాచీనమైన త్రోవ ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెఱువు, భీముని కొలను. నల్లమలలో చెంచులు త్రోవ చూపి యాత్రికులను కాపాడుట వాడుక. శ్రీశైలమునకును అహోబిలమునకును పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి సోపానములు కట్టించెనని శాసనములు చెప్పుచున్నవి. ఒక రాజు తన బిరుదములలో మెట్లు కట్టించితినని చెప్పుకొనుట చూచినచో, ఆ కొండ యెక్కుట యెంత కష్టమో, కట్టినవాని కెంత పుణ్యమని జనులు తలఁచిరో తెలియును.

కృష్ణ దాటి పాలమూరు సీమ మీఁదుగా హైదరాబాదు. అచ్చటినుండి నిర్మల మీఁదుగా నాగపురము. ఈ భాగమును నేను వేగముగా దాఁటెదను. చెప్పఁదగినది గోదావరిని గూర్చి. మే నెల నడుమ చెన్నపట్టణము విడిచినవాఁడు రోజున కొక ఆమడ చొప్పున నడచినచో, హైదరాబాదు దాటునప్పటికి తొలకరి పడక తప్పదు. వేసవి యెండను తప్పించుకొన్నవానికి ముందు నది పోటు. ఎండలో బయలుదేరుట వానలో నడుచుటకే యని పాతకాలపు యాత్రికులందఱును ఎఱుఁగుదురు. పుట్టులును పడవలును తప్ప వంతెనలు లేని కాలమది.

నాగపురమునుండి జబ్బలుపురమునకు పోవు అడవిబాట ఆ కాలమున మిక్కిలి భయంకరమైనది. ఠగ్గులు బాటసారులతో స్నేహము నటించి, కలిసి నడిచి, కలిసి భుజించి, సమయము చూచి రుమాలుతో మెడ బిగించి చంపి, పూడ్చిపెట్టుచుండిరి. కత్తి చూపి దోఁచువాఁడు దొంగ. ‘అన్నా’ యని పిలిచి చంపువాఁడు ఠగ్గు. వీరాస్వామయ్యగారు పోయిన 1830 ప్రాంతములలోనే స్లీమన్ దొర జబ్బలుపురము, సాగరు సీమలలో వారిని పట్టించి విచారణ జరిపించుచుండెను. ఒంటరివానికిని, నలుగురైదుగురు గల గుంపునకును అపాయము హెచ్చు. నూఱుమంది పరివారము డంబమునకు కాదని యిప్పుడు తెలిసినదిగదా! మన గ్రామములనుండి కాశికి పోయి తిరిగిరానివారిని గూర్చి, కాశిలో తనువు చాలించిరి, ధన్యులు అని మన ముత్తాతలు చెప్పుకొనుచుండిరి. వారిలో నెందఱు కాశిని చూచిరో, ఎందఱు ఆ మహువా చెట్ల క్రింద నుండిపోయిరో ఈశ్వరునకే యెఱుక.

ఆ జబ్బలుపురము నేలకును మన కృష్ణాతీరమునకును ఇంకొక సంబంధము గలదు. అది తెలిసినవారు తక్కువ గనుక దానిని కొంచెము విస్తరించెదను. జబ్బలుపురమునకు సుమారు 25 కిలోమీటరుల దూరమున భేడాఘాటున నర్మద పాలరాతి కొండలను చీల్చుకొని పాఱుచున్నది. నీరు ధూమమువలె లేచుటచేత అచ్చటి జలపాతమునకు ధువాఁధార్ అని పేరు. ఒడ్డుననే గుట్టమీఁద, కలచురి రాజులు పదవ శతాబ్దమున కట్టించిన చౌసఠ్ యోగినీ దేవాలయ మున్నది. గుండ్రని ప్రాకారము, నడుమ గుడి. ఈ సీమకు పూర్వము డాహల మండలమని పేరు. శైవాచార్యుల గోళకీమఠము ఇచ్చటిదే. ఆ మఠము భేడాఘాటుననే యని కొందఱు చరిత్రకారులు, రీవా దగ్గఱి గుర్గి యని కొందఱు చెప్పుదురు. ఎచ్చటనైనను మన బాటమీఁదనే. ఆ పరంపరలోని విశ్వేశ్వర శివాచార్యులు కాకతి గణపతిదేవునకు దీక్షాగురువు. గణపతిదేవుఁడిచ్చెదనన్న మందడము గ్రామమును రుద్రమదేవి 1261లో ఆయనకు ధారపోసెను. మల్కాపుర శాసనము ఆ సంగతి చెప్పుచున్నది. ఆ ధర్మములో గుడి, మఠము, పాఠశాల, అన్నసత్రము మాత్రమే గాక, ఆరోగ్యశాలయు, ప్రసూతిశాలయుఁ గూడ గలవు. ఏడు వందల యేండ్లకు పూర్వము కృష్ణయొడ్డున గర్భిణీ స్త్రీలకు ఆశ్రయ మేర్పఱచిన మఠము మూలము నర్మదాతీరమున నున్నదన్నమాట. కనుక ఈ బాట మనవారు కాశికి పోవుటకు మాత్రమే ఏర్పడినదని తలఁపరాదు. అటనుండి గురువులు వచ్చిరి, ఇటనుండి కావళ్ళు పోయెను.

రైలు వచ్చిన తరువాత ఈ దారి మఱుఁగున పడినది. 1900లో రాజమహేంద్రవరమున గోదావరిమీఁద రైలువంతెన తెఱచిరి. కోస్తావారు కలకత్తా మీఁదుగా కాశికి పోసాగిరి. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుదారి పూర్తియై చెన్నపురికిని ఢిల్లీకిని చుట్టుదారి తప్పినది. తండ్రులు పదునైదు నెలలు పోయివచ్చిన చోటికి కొడుకులు మూఁడు దినములలో పోయిరి. పోయిరి గాని, నిర్మల కనుమ, రామటెక్కు కొండ, నర్మద రేవు పేరులు వారికి తెలియకపోయెను. కాళిదాసుని రామగిరి నాగపురము దగ్గఱి రామటెక్కేయని పెక్కుమంది పండితుల యభిప్రాయము. మేఘసందేశము కంఠస్థము చేసిన మావంటివారు కూడ రైలు కిటికీలో నిద్రపోయి దానిని దాఁటిపోయితిమి.

ఇప్పుడు మరల బాటకు మంచికాలము వచ్చినది. వారణాసినుండి రీవా, జబ్బలుపురము, నాగపురము, హైదరాబాదు, కర్నూలు మీఁదుగా కన్యాకుమారికి పోవు రహదారి 2010లో నంబరులు మార్చువఱకు 7వ జాతీయ రహదారి యనఁబడెను. నేఁడు దానినే 44, 34, 30 మొదలగు నంబరులతో పిలుచుచున్నారు. వీరాస్వామయ్యగారు నడచిన దిశయు నించుమించు నదియే. కొండలు, కనుమలు, నదీరేవులు మాఱవు గనుక బాటయు మాఱదు.

పోవఁదలఁచిన పెద్దలకు నాలుగు మాటలు. శ్రీశైలమునుండి హైదరాబాదునకు సుమారు 220 కిలోమీటరులు. నల్లమలలో పులుల అభయారణ్యము గలదు గనుక రాత్రి 9 మొదలు ఉదయము 6 వఱకు ఆ బాటను బండ్లను పోనీయరు. కావున మొదటి దినము వీరాస్వామయ్యగారివలె కోడికూఁతకు బయలుదేరుట మీకు సాధ్యము కాదు. మిగిలిన దినములందు తప్పక చేయుఁడు. హైదరాబాదునుండి నాగపురము 500 కిలోమీటరులు. దానిని ఒక్కనాఁడు పూర్తిచేయవలెనని డ్రైవరు పట్టుపట్టును. పట్టనీయకుఁడు. నిర్మలలోనో ఆదిలాబాదులోనో ఒక రాత్రి నిలువుఁడు. నేరడిగొండ దగ్గఱి కుంటాల జలపాతము మంచిదే గాని, వేసవిలో నీరు సన్నగిల్లును. దానికై మిట్టమధ్యాహ్నము మెట్లు దిగుట వృద్ధులకు వలదు. నాగపురమున వైశాఖమాసమందు వేఁడిమి 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. అచ్చట పగటిపూట ప్రయాణము ఏమాత్రము తగదు. నాగపురమునుండి సివనీ పోవునప్పుడు పెంచ్ అడవి నడుమ రహదారిని ఎత్తుగా కట్టి, క్రిందినుండి మృగములు దాఁటునట్లు ఏర్పాటు చేసినారు. మనుష్యునకు సత్రము, మృగమునకు త్రోవ, కట్టించినవారిని మెచ్చుకొనవలసినదే.

జబ్బలుపురమున రెండు రాత్రులు నిలువవలెనని నా యభిప్రాయము. భేడాఘాటు చూచుటకు ఒక పూఁట, విశ్రాంతికి ఒక పూఁట. అచ్చటినుండి రీవాకు 230 కిలోమీటరులు. నడుమ మైహరున శారదాదేవి కొండ. రీవా దాటిన పిమ్మట వింధ్య తెగి, బాట దిగి, మీర్జాపురము దగ్గఱ గంగామైదానము కనఁబడును. వేసవిలో గంగ సన్నగిల్లి, ఇసుకతిన్నెలు తేలియుండును. చూచినవారు నిరుత్సాహపడనక్కఱలేదు, కాశి మెట్లన్నియు అడుగంట చూచుటకు అదియే కాలము.

కాశిలో నేఁడు మనము దర్శించు విశ్వనాథాలయము ఇందూరు రాణి అహల్యాబాయి 1780లో కట్టించినది. వీరాస్వామయ్యగారు చూచినదియు నదియే. 2021 డిసెంబరు 13వ తేదిన ఆలయమునుండి గంగవఱకు విశాలమైన ప్రాంగణము తెఱవఁబడినది. పూర్వమువలె ఇఱుకుసందులలో తొక్కిసలాడవలసిన పని లేదు. తెలుగువారు దిగుటకు కేదారఘట్టము, మానససరోవరఘట్టముల ప్రాంతము అనుకూలము. మన భాష వినఁబడును, మన వంట దొరకును. ఘట్టముల రాళ్ళు పగలు పది గంటలకే కాలును. కావున స్నానము సూర్యోదయమునకు ముందే ముగించుకొని, తడిబట్టలతోనే దర్శనమునకు పోవుఁడు. మధ్యాహ్నమున గది తలుపు మూసికొని నిద్రపొండు. సాయంకాలము పడవ యెక్కి, అసి మొదలు వరణ వఱకు ఘట్టములన్నిటిని వరుసగా చూచి రావచ్చును.