సీతంపేట మన్యం

సీతంపేట మన్యం ఆంధ్ర ప్రదేశ్ ఉత్తర కోస్తాలో, నాగావళి, వంశధార నదుల లోయల నడుమ తూర్పు కనుమలలో ఉన్న కొండ ప్రాంతం. దీనికి కేంద్రం సీతంపేట. శ్రీకాకుళం జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. జలపాతాలకు, అనాస తోటలకు, సవరల సంస్కృతికి ఇది పేరుపొందింది.

ప్రజలు, భాష

ఇక్కడ ప్రధానంగా సవర, జాతాపు తెగల గిరిజనులు నివసిస్తున్నారు. జాతాపులు ఎక్కువగా తెలుగు మాట్లాడతారు. సవర భాష ద్రావిడ భాష కాదు. అది ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. వ్యవహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా, రెండు భాషలూ తెలిసిన ఒక సవరను ఇంటిలో ఉంచుకొని ఈ భాష నేర్చుకున్నాడు. సవర పిల్లల కోసం బడులు నడిపాడు. ఆయన రచించిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

ఆచారాలు, చిత్రకళ

కొత్త పంటను, కొత్త పండును దేవతకు, పితరులకు సమర్పించనిదే తినరు. ఈ సందర్భంగా జరిపే వేడుకలను కొత్తల పండుగలు అంటారు. కందికొత్తలు వీటిలో ముఖ్యమైనది.

సవర చిత్రాలను ఎర్రమట్టి పూసిన ఇంటి గోడపై బియ్యపు పిండితో తెల్లగా వేస్తారు. మనుషులు, ఏనుగులు, నెమళ్ళు, చెట్లు, సూర్యచంద్రులు వీటిలో కనిపిస్తాయి. చిత్రం ఇంటి అలంకారం మాత్రమే కాదు. మరణించినవారి ఆత్మలకు అది నివాసమని, వారిని సంతృప్తిపరిస్తే రోగాలు తొలగుతాయని సవరల విశ్వాసం. ఇటీవల ఇవే చిత్రాలను వస్త్రంపై, కాగితంపై వేసి విక్రయిస్తున్నారు.

చూడదగిన ప్రదేశాలు

* మెట్టుగూడ జలపాతం: సీతంపేట సమీపంలో ఉంది. వర్షాకాలం తరువాత నీటి ప్రవాహం బాగుంటుంది.
* ఆడలి వ్యూ పాయింట్: ఇక్కడి నుండి కొండల వరుసలు, లోయలు కనిపిస్తాయి.
* సీతంపేట వారపు సంత: చింతపండు, పసుపు, కొండచీపుర్లు, సీతాఫలం, అనాస వంటివి కొండ గ్రామాల నుండి ఇక్కడికి వస్తాయి.

భూమి సమస్య

పోడు వ్యవసాయం, కొండవాలు మడులలో వరి సాగు, అటవీ ఫలసాయం గిరిజనుల ప్రధాన జీవనాధారాలు. మైదానం నుండి వచ్చిన షావుకార్లకు అప్పుపడి పలువురు భూములు పోగొట్టుకున్నారు. ఫలసాయాన్ని గిట్టుబాటు ధరకు కొనేందుకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అయినా భూమి సమస్య తీరలేదు. 1967 అక్టోబరు 31న గుమ్మలక్ష్మీపురం వైపు లేవిడి వద్ద, గిరిజన సంఘం సభకు వెళుతున్నవారిపై భూస్వాముల మనుషులు కాల్పులు జరపగా కోరన్న, మంగన్న అనే ఇద్దరు మరణించారు. ఈ ఘటన శ్రీకాకుళ గిరిజన రైతాంగ సాయుధ పోరాటానికి దారితీసింది. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా నిషేధించింది. పోడు భూములపై హక్కు కోరే అవకాశాన్ని 2006 నాటి అటవీ హక్కుల చట్టం కల్పించింది. జలపాతాల వద్దకు పర్యాటకులు పెరుగుతున్న కొద్దీ ఈ రక్షణల అవసరం కూడా పెరుగుతున్నది.

రవాణా

పాలకొండ నుండి కొత్తూరు వెళ్ళే రోడ్డు సీతంపేట మీదుగా పోతుంది. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషనులో దిగి, పాలకొండ మీదుగా బస్సులో చేరవచ్చు.