వీసా ఆన్ అరైవలా, ఈ-వీసానా? టికెట్ కొనే ముందే తేల్చుకోవాల్సిన విషయాలివి

బాలికి టికెట్ చౌకగా దొరికింది. హోటల్ కూడా బుక్ అయింది. 'అక్కడ వీసా ఆన్ అరైవలే కదా, దిగాక చూసుకుందాం' అని బ్యాగులు సర్దేస్తున్నారా? అయితే ఒక్క నిమిషం ఆగండి. మీ కాగితాలను మొదట పరిశీలించేది బాలిలోని ఇమిగ్రేషన్ అధికారి కాదు. శంషాబాద్‌లో మీకు బోర్డింగ్ పాస్ ఇవ్వాల్సిన ఎయిర్‌లైన్ ఉద్యోగి.

ఎందుకంటే, సరైన పత్రాలు లేని ప్రయాణికుడిని అవతలి దేశం లోపలికి రానివ్వకపోతే వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యత ఆ ఎయిర్‌లైన్‌దే. చాలా దేశాలు దానికి తోడు జరిమానా కూడా వేస్తాయి. అందుకే కౌంటర్‌లో ఉన్నవాళ్లు టిమాటిక్ అనే డేటాబేస్ తెరిచి చూస్తారు. ఏ దేశ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఏ దేశానికి వెళ్లాలంటే ఏమేం ఉండాలో అందులో ఉంటుంది. విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ దీన్ని నిర్వహిస్తుంది. అందులోని షరతుల్లో ఒక్కటి తప్పినా మీకు బోర్డింగ్ పాస్ రాకపోవచ్చు. హోటల్ డబ్బులు, టికెట్ డబ్బులు తిరిగొస్తాయన్న నమ్మకం కూడా లేదు.

అంటే 'ఆన్ అరైవల్' అనే మాట వీసా ఎక్కడ ఇస్తారో మాత్రమే చెబుతుంది. ఖాళీ చేతులతో రమ్మని కాదు. ఆరు నెలల చెల్లుబాటు ఉన్న పాస్‌పోర్టు, తిరుగు ప్రయాణం టికెట్, బస వివరాలు, ఫీజు కట్టడానికి డబ్బు చాలా దేశాలు అడిగేవే.

మన దేశమే పేరు మార్చుకుంది

ఈ పేర్ల గందరగోళం మనకు మాత్రమే కాదు. భారత ప్రభుత్వం 2014 నవంబరులో 43 దేశాల పర్యాటకుల కోసం ఒక కొత్త పథకం తెచ్చింది. హైదరాబాద్ సహా 9 ఎయిర్‌పోర్టుల్లో మొదలైంది. పేరు 'టూరిస్ట్ వీసా ఆన్ అరైవల్'. కానీ దానికి ముందుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి అనుమతి తెచ్చుకోవాలి. పేరు చూసి ఇక్కడికి వచ్చాక వీసా ఇస్తారని విదేశీయులు పొరబడే అవకాశం ఉందని, 2015 ఏప్రిల్‌లో 'ఈ-టూరిస్ట్ వీసా' అని మార్చారు.

వియత్నాంలోనూ ఇలాంటిదే ఉంది. ఏజెంట్ల ప్రకటనల్లో 'వియత్నాం వీసా ఆన్ అరైవల్' అని కనిపిస్తుంది. దానికి విమానం ఎక్కక ముందే ఆ దేశం నుంచి అనుమతి పత్రం తెప్పించుకోవాలి. అది లేకుండా మామూలు భారతీయ పర్యాటకుడు హనోయ్‌లో దిగి వీసా అడిగితే ఇవ్వరు. సొంతంగా వెళ్లేవాళ్లకు సులువైన దారి ఈ-వీసా. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, ఎక్కువసార్లు వెళ్లిరావడానికి 50 డాలర్లు. 2023 ఆగస్టు 15 నుంచి దీన్ని గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తున్నారు. ఏ ఎయిర్‌పోర్టులో దిగుతారో దరఖాస్తులోనే రాయాలి. మూడు పనిదినాల్లో వస్తుందని చెబుతారు గానీ, జనవరి-ఫిబ్రవరిలో వాళ్ల కొత్త సంవత్సరం 'టెట్' సెలవులు వస్తే పనిదినాలే ఉండవు. ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు రెండు మూడు వారాల ముందే దరఖాస్తు చేసుకోవడం మంచిది.

రెండు దారులూ ఉన్న చోట

ఇండోనేషియాలో మనవాళ్లకు రెండూ ఉన్నాయి. దిగాక కౌంటర్‌లో తీసుకున్నా, ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో ఈ-వీఓఏ తీసుకున్నా ఫీజు 5 లక్షల రుపియాలు. సున్నాలు చూసి కంగారు పడకండి, మన డబ్బులో మూడు వేల లోపే. ఆన్‌లైన్‌లో అయితే కార్డు ఛార్జీ కాస్త అదనం. వీసా 30 రోజులకు ఇస్తారు. ఇంకో 30 రోజులకు ఒకసారి పొడిగించుకోవచ్చు. చంటిపిల్లలకూ విడిగా తీసుకోవాలి. ఇది ఒక్కసారి ప్రవేశానికే. మధ్యలో సింగపూర్ చూసి మళ్లీ బాలి వస్తామంటే రెండోసారి ఫీజు కట్టాలి. బాలి ప్రాంతీయ ప్రభుత్వం 2024 ఫిబ్రవరి నుంచి తీసుకుంటున్న లక్షా 50 వేల రుపియాల పర్యాటక రుసుము వీసాలో భాగం కాదు, అది వేరే.

ఫీజు ఒకటే అయినప్పుడు ఏది మేలు? మా సలహా ఆన్‌లైనే. క్యూ తప్పుతుందన్నది చిన్న కారణం. అసలు కారణం ఏమిటంటే, దరఖాస్తులో ఏదైనా తేడా ఉంటే ఇంట్లో ఉండగానే తెలుస్తుంది. సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది. అదే తేడా అర్ధరాత్రి, ఇద్దరు పిల్లలతో, భాష రాని ఎయిర్‌పోర్టులో బయటపడితే చేయగలిగింది తక్కువ. కౌంటర్‌లో కార్డు పనిచేయకపోతే పడే ఇబ్బంది సరేసరి.

అలాగని ఆన్ అరైవల్ పనికిరానిదేం కాదు. రేపటికి ప్రయాణం పడినవాళ్లకు అదే దిక్కు. ప్లాన్ ఇంకా ఖాయం కానివాళ్లకూ అదే నయం. ఈ-వీసా ఫీజు ఒకసారి కట్టాక ప్రయాణం రద్దయినా, దరఖాస్తు తిరస్కరించినా సాధారణంగా వెనక్కి రాదు.

వీసా అక్కర్లేదు, ఫారం మాత్రం కావాలి

థాయ్‌లాండ్ 2023 నవంబరులో మనకు వీసా మినహాయింపు ఇచ్చింది. అంతకుముందు బ్యాంకాక్‌లో దిగి, క్యూలో నిలబడి, 2 వేల బాత్‌లు కట్టి వీసా తీసుకునేవాళ్లం. మలేషియా అదే ఏడాది డిసెంబరు నుంచి మినహాయింపు మొదలుపెట్టింది. ఇలాంటివి గడువుతో వస్తాయి, పొడిగిస్తారు, రోజులు తగ్గిస్తారు, ఒక్కోసారి ఎత్తేస్తారు. పోయినేడాది వెళ్లొచ్చిన బావగారి మాట మీద ఈ ఏడాది టికెట్ కొనకండి. ఆ దేశ ఇమిగ్రేషన్ శాఖ లేదా రాయబార కార్యాలయం సైట్‌లో తాజా నిబంధన చూడండి.

వీసా లేకపోయినా డిజిటల్ అరైవల్ కార్డు ఉంది. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. మలేషియాకూ ఇలాంటిదే ఉంది. మాల్దీవులు పర్యాటకులకు ఆన్ అరైవల్ వీసా ఉచితంగానే ఇస్తుంది, కానీ 'ఇముగా' అనే ఫారం 96 గంటల లోపు నింపి వెళ్లాలి. ఈ మూడూ ఉచితం. ఫారం నింపేటప్పుడు ఎవరైనా డబ్బులు అడిగారంటే మీరు ప్రభుత్వ సైట్‌లో లేరని అర్థం.

ఆన్‌లైన్ దారిలో పెద్ద గుంత ఇదే. సెర్చ్‌లో దేశం పేరు, పక్కన 'ఈ-వీసా' అని కొట్టగానే పైన వచ్చేవి చాలావరకు ప్రకటనలు. జాతీయ జెండా, రాజముద్రలాంటి బొమ్మ అన్నీ ఉంటాయి. 25 డాలర్ల వీసాకు 80 డాలర్లు తీసుకుని మీ బదులు వాళ్లు దరఖాస్తు చేస్తారు. కొన్ని అదీ చేయవు. సైట్ చిరునామా చివర చూడండి. భారత్‌ది అయితే 'జీఓవీ డాట్ ఇన్', వియత్నాంది 'జీఓవీ డాట్ వీఎన్', ఇండోనేషియాది 'జీఓ డాట్ ఐడీ', థాయ్‌లాండ్‌ది 'జీఓ డాట్ టీహెచ్' అని ముగియాలి. డబ్బు పోయిందని తెలియగానే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పండి.

మన పేర్లతో వచ్చే చిక్కు

ఈ-వీసా దరఖాస్తుల్లో తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారంలో 'ఫస్ట్ నేమ్' అని కనిపించగానే అలవాటుగా ఇంటిపేరు రాసేస్తాం. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. వెంకట, సత్య, నాగ లాంటివి ఒక చోట కలిపి, మరో చోట విడిగా ఉంటాయి. ఎయిర్‌పోర్టులోని యంత్రానికి ఇవేవీ తెలియవు.

దీనికి ఒక చిట్కా ఉంది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు పొడవాటి వరుసలు ఉంటాయి. పై వరుసలో దేశం కోడ్ తర్వాత ముందుగా వచ్చేది ఇంటిపేరు. ఆ తర్వాత బాణం మొనలాంటి గుర్తులు రెండు పక్కపక్కన ఉంటాయి. వాటి తర్వాతిది మీ పేరు. ఫారంలోనూ, టికెట్‌లోనూ ఇదే అనుసరించండి. ఆధార్ చూసి నింపొద్దు.

పాత పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ముఖ్యంగా పెద్దవాళ్లకు. పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్నవాళ్లను పర్యాటక, విజిట్ వీసాలపై అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ నిబంధన పెట్టింది. మీ ఇంట్లో అలాంటి పాస్‌పోర్టు ఉంటే టికెట్ కొనే ముందే పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పేరు సరిచేయించుకోవడం ఉత్తమం.

ఇంకొకటి, పిల్లల పాస్‌పోర్టు. పెద్దలకు పదేళ్లకు ఇస్తారు కాబట్టి పిల్లలదీ అంతే అనుకుంటాం. మైనర్లకు సాధారణంగా ఇచ్చేది ఐదేళ్లకే. డిసెంబరులో ప్రయాణం, పాప పాస్‌పోర్టు ఏప్రిల్ దాకా ఉందంటే గడువు తీరనట్టే కదా అనిపిస్తుంది. ఆరు నెలల నిబంధన ఉన్న దేశానికి అది చెల్లదు.

దుబాయ్ సంగతి వేరు

యూఏఈలో ఆన్ అరైవల్ ఉందని విని చాలామంది పొరబడుతుంటారు. భారతీయ పాస్‌పోర్టు ఉన్న అందరికీ కాదు. అమెరికా వీసా లేదా గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ దేశాల్లో నివాస అనుమతి ఉన్నవాళ్లకు మొదట ఇచ్చారు. తర్వాత మరికొన్ని దేశాలు చేర్చారు. పాస్‌పోర్టుతో పాటు ఆ వీసాకూ కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే తల్లిదండ్రులు దారిలో దుబాయ్‌లో రెండు రోజులు ఆగాలనుకుంటే ఇది పనికొస్తుంది. మిగతా అందరూ ముందుగానే వీసా తెచ్చుకోవాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. 'ముందు టూరిస్టు వీసాపై వెళ్లండి, అక్కడికెళ్లాక పని వీసాగా మారుస్తాం' అనే ఏజెంట్ మాట నమ్మొద్దు. పర్యాటక వీసాపై పనిచేస్తే పట్టుబడేది మీరే. కంబోడియాలో ఉద్యోగాలని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాల వ్యవహారం 2024లో విశాఖ పోలీసుల దర్యాప్తులో వెలుగుచూసింది. ఏజెంట్‌కు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ 'ఈ-మైగ్రేట్' పోర్టల్‌లో చూసుకోవచ్చు. పదో తరగతి పాస్ కాని చాలామందికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటుంది. గల్ఫ్ దేశాలతో పాటు థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా కూడా ఈసీఆర్ జాబితాలో ఉన్నాయి. పర్యటనకు వెళ్లేవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు గానీ, శంషాబాద్‌లో మన ఇమిగ్రేషన్ అధికారులు కొన్ని ప్రశ్నలు ఎక్కువ అడగొచ్చు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ చేతిలో ఉంచుకోండి.

అమెరికా నుంచి మనవళ్లు వస్తుంటే

అక్కడ పుట్టిన పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఉంటుంది. ఓసీఐ కార్డు ఇంకా రాకపోతే వాళ్లు మన దృష్టిలో విదేశీ పర్యాటకులే. తల్లిదండ్రులది భారతీయ పాస్‌పోర్టు అయినా సరే, పసిబిడ్డకు విడిగా వీసా ఉండాలి. భారత్‌లో నిజమైన ఆన్ అరైవల్ వీసా జపాన్, దక్షిణ కొరియా పౌరులకు, కొన్ని షరతులతో యూఏఈ పౌరులకు మాత్రమే ఉంది. అమెరికా పౌరులకు లేదు. కాబట్టి ఈ-టూరిస్ట్ వీసా ముందే తీసుకోవాలి. 30 రోజులు, ఏడాది, ఐదేళ్లు అని మూడు రకాలు ఉన్నాయి. ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు దరఖాస్తు చేయాలన్నది నిబంధన. ఇంకా ముందే చేస్తే మీకే నిశ్చింత. ఈ వీసాతో దిగాల్సింది నిర్దేశించిన ఎయిర్‌పోర్టుల్లోనే. వాటిలో హైదరాబాద్, విశాఖ రెండూ ఉన్నాయి. అనుమతి ఈమెయిల్‌లో వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి బిడ్డ పాస్‌పోర్టులోనే పెట్టమని చెప్పండి. అమెరికాలో విమానం ఎక్కేటప్పుడు కౌంటర్‌లో మొదట అడిగేది ఆ కాగితమే.